మా బాయి కాడి యుద్ధనౌక

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో డిగ్రీ పట్టా, గోదావరిఖనిలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడిలో ఐదో తరగతి టీచరు ఉద్యోగం. ఈ మూడూ ఒకేసారి ఒక మనిషికి దొరికితే చుట్టుపక్కల వాళ్ళకు ఎంత ప్రమాదమో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. ఆరో తరగతి నుంచి కరీంనగర్ హాస్టళ్ళలో చదువుకుని బొగ్గు కంపెనీ కాలనీలోని మా క్వార్టరుకు తిరిగొచ్చిన వారం రోజులకే, కాలనీ మొత్తం ఉచ్చారణ దిద్దే పనిని నెత్తికెత్తుకున్నాను. ‘ఇస్కూల్’ కాదు స్కూల్. ‘టేసన్’ కాదు స్టేషన్. అన్నిటికంటే ముఖ్యంగా, ‘షిప్టు’ కాదు షిఫ్టు. పక్క క్వార్టరులో ఉండే హాలర్ కాకను (ఆయన మరో గనిలో బొగ్గు టబ్బులను తాడుతో లాగే హాలర్ మిషను నడిపేవాడు, అందుకని ఆ పేరు) గోడ దగ్గర నిలబెట్టి నాలుగుసార్లు అనిపించాను కూడా. ఆయన ఓపిగ్గా నాలుగుసార్లూ తప్పే పలికి, “షిప్టుకు పోతె ఏంది, షిఫుటుకు పోతె ఏంది బిడ్డా, తెచ్చేది గా బొగ్గే గదా!” అని బీడీ ముట్టించుకున్నాడు.

మా బాపు మాత్రం నన్ను ఎప్పుడూ కాదనలేదు. ఆయన బాయిలో టింబర్‌మన్. (మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటాం. గనిలోకి పోవడమంటే బాయి దిగడం. అలాగే నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ అంటాం. ఇది ముందే చెప్పకపోతే నేను మా నాయనమ్మ గురించి రాస్తున్నాననుకుంటారు.) భూమి కింద బొగ్గు తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టి, వాటి మీద అడ్డకర్రలు వేసి, సందుల్లో చెక్కముక్కలు దిగ్గొట్టి బిగించడం ఆయన పని. మాటలు తక్కువ. ఎవరింట్లోకి అడుగుపెట్టినా ముందు పైకి చూసేవాడు, తర్వాతే మనుషులను చూసేవాడు. అవ్వ తమ్ముడి పెళ్ళిలో పందిరి గుంజను వేలి కణుపుతో కొట్టి, చెవి పెట్టి విని, “గిది ఆగది” అని తనే తీసి మళ్ళీ పాతిన మనిషి. పెళ్ళికొడుకును పలకరించాడో లేదో ఎవరికీ గుర్తులేదు.

ఒకరోజు బాపు మొదటి షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, అంగీ జేబులోంచి బీడీ కట్ట మీది కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. బాయి ఆఫీసు నోటీసు బోర్డు మీదున్నదాన్ని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, తనకు వచ్చినట్టు రాసుకొచ్చాడు. “రక్షణ వారోత్సవాలు. షిప్టు మాడలు పోటీ. కార్మికులు కుటుంబాలతోటి వచ్చి పాల్గొనాలె.” అంతే ఉంది.

“ఏంది బిడ్డా గిది? ఏటా మాటలు చెప్పుడు, జెండాలు గట్టుడే ఉండె. ఈపాలి బొమ్మలు చెయ్యాలెనంటాన్రు. ఇంటోళ్ళు గూడ రావాలెనట” అన్నాడు. ఇంటివాళ్ళు అనే మాట దగ్గర ఆయన గొంతు కొంచెం ఆగింది. నేనది అప్పుడు పట్టించుకోలేదు. నా చూపంతా ఆ తప్పు మీద ఉంది.

“బాపూ, ఇది షిప్టు కాదు. షిప్పు” అన్నాను.

“షిప్టంటె షిప్టేమో గదనే? మొదటి షిప్టు, రెండో షిప్టు...”

“షిఫ్టు అంటే టైము. టైముకు ఎవరన్నా బొమ్మ చేస్తారా? మోడల్ ఉండేది షిప్పుకు. లోకంలో ఎక్కడ చూసినా షిప్పుకే. మనవాళ్ళకు చివర ‘టు’ లేకపోతే నోరు తిరగదు, నోటీసు రాసినాయన అట్లాగే రాసి ఉంటాడు.” అంతటితో ఊరుకుని ఉంటే ఏ పడవ బొమ్మతోనో సరిపోయేది. కానీ నాకు డిగ్రీ ఉంది కదా. “రక్షణ అని కూడా ఉంది చూడు. రక్షణ శాఖ, రక్షణ మంత్రి అంటారు కదా, ఆ రక్షణ. అంటే మామూలు షిప్పు కాదు. యుద్ధనౌక!”

అవ్వ బియ్యం ఏరుతూ తల ఎత్తి చూసింది. “బొగ్గు బాయిల యుద్ధమెవలతోటి అయితదే? ఆ ఆఫీసోళ్ళను ఒక్క మాట అడుగరాదుండ్రి” అంది. ఇంగ్లీషు మాట గురించి వీళ్ళను అడగడమేమిటని నేను నవ్వాను. పైగా, “ఎవరికీ చెప్పకు బాపూ, చూసి కాపీ కొడతారు” అని ఒట్టు కూడా వేయించుకున్నాను. బాపు కాసేపు ఆ కాగితాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “సదువుకున్న పిల్ల చెప్తాంటె నాదేమున్నది” అన్నాడు. ఆ నమ్మకాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది, ప్రేమగా కూడా ఉంటుంది.

మా బడి గ్రంథాలయమంటే ఒక ఇనప బీరువా. అందులో ఎవరో దానమిచ్చిన ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వం ఒకటి ఉండేది. పిల్లలు ముట్టుకోకుండా దానికి తాళం వేసేవాళ్ళం కాబట్టి కొత్తగానే ఉంది. అందులో ఒక పేజీ నిండా మూడు స్తంభాల తెరచాప యుద్ధనౌక బొమ్మ కనిపించింది. నిజమైన నౌక ఫోటో కాదు, నమూనా. రెండు మూడు వందల ఏళ్ళ కింద ఏదో దేశంలో ఓడలు కట్టేవాళ్ళు, ఓడ కట్టడానికి ముందే రాజుగారి మనుషులకు చూపించడానికి చిన్నదిగా చేశారట. పైభాగమంతా చెక్కడపు పని, వరసగా ఫిరంగుల కిటికీలు. కింద సగం మాత్రం పలకలు కొట్టకుండా వదిలేశారు. పక్కటెముకల్లా వంపు కర్రలన్నీ బయటికి కనిపిస్తున్నాయి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో ఇంకా ఏదో రాసి ఉంది కానీ, అంత చిన్నవి చదివే ఓపిక నాకు లేదు. ఆ పుస్తకాన్ని చున్నీ కింద దాచి ఇంటికి తెచ్చాను.

బాపు ఆ పేజీని చూసిన చూపు నేను ఇంతవరకు మరిచిపోలేదు. ఫిరంగులను చూడలేదు, తెరచాపలను చూడలేదు. వేలితో ఆ వంపు కర్రలనే ఒక్కొక్కటీ లెక్కపెడుతూ పోయాడు. “మంచి పనోడు బిడ్డా. ఎవలోగని, మంచి పనోడు. సూడు, ఒక్క కర్ర గూడ ఉట్టిగ లేదు” అన్నాడు. తర్వాత స్తంభాల దగ్గర ఆగాడు. “గీ దుంగల మీద కప్పు లేదేందే? ఏం ఆపుతానయి ఇవి?” అని అడిగాడు. కప్పును ఆపడానికి కాదు, గాలికి గుడ్డలు కట్టడానికని చెప్పాను. ఆయన ముఖం విప్పారింది. “ఓ, పరదలా! గట్ల చెప్పు. బాయిల మేము గూడ కడ్తం గదా, గాలి ఇటు పోవాలెనంటె ఇటు మలిపేటందుకు.” సముద్రాన్ని ఒక్కసారి కూడా చూడని మనిషికి ఓడంతా అయిదు నిమిషాల్లో అర్థమైపోయింది. సముద్రం గురించి పాఠాలు చెప్పే నాకు అందులో ఒక్క కర్ర కూడా అర్థం కాలేదు.

ఆ మర్నాటి నుంచి మా వాకిలి ఓడల కార్ఖానా అయ్యింది. నాయనమ్మ విరిగిన మంచం కోళ్ళు ఓడకు అడుగు దూలమయ్యాయి. వెదురు బద్దలను నీళ్ళ గోలెంలో నానబెట్టి, రోకలి చుట్టూ వంచి కట్టి, ఆరాక తీస్తే పక్కటెముకలు. ఓడ మొత్తం మూడు మూరల పొడుగు. ఫిరంగులు నా శాఖ. మా ఐదో తరగతి పిల్లల దగ్గర పెన్నుల మూతలు వసూలు చేశాను, ఇరవై ఎనిమిది. (ఆ నెలంతా మా తరగతి పిల్లల జేబుల మీద సిరా మరకలే. ఒక తల్లి వచ్చి, “మూతలు తెమ్మంటాన్రట, గిదేం హోంవర్కు మేడం?” అని అడిగింది. ప్రాజెక్టు వర్కు అని చెప్పాను. ఆ మాటకు అప్పట్లో ఎదురు ప్రశ్న ఉండేది కాదు.) తెరచాపలు అవ్వ శాఖ. పాత లంగాలు కోసి కుట్టింది. ఒక్కో స్తంభానికి మూడేసి చాపలని నేను చెప్పినప్పుడల్లా, “ఒక్క ఓడకు ఎన్ని లంగాలు గావాలెనే, గది ఓడనా, మీ మేనత్తనా?” అనేది. మా మేనత్త కొంచెం ఒళ్ళున్న మనిషి. హాలర్ కాక సాయంత్రం పూట గోడ మీద మోచేతులు పెట్టి సలహాలిచ్చేవాడు. “మా బాయి కాడ గీ పోటీ లేదు. మీ బాయోళ్ళు పెద్దోళ్ళు. గని ఓడ ఓడ అనకుర్రి, ఓడిపోతరు” అని తన మాటకు తనే నవ్వుకునేవాడు.

బాపుకూ నాకూ తగాదా ఒక్క విషయంలోనే. ఓడ కడుపులో, ఎవరికీ కనిపించని చోట, ఆయన అగ్గిపుల్ల కంటే కొంచెం లావున్న దుంగలు వరసగా నిలబెట్టేవాడు. ఒక్కో దుంగ నెత్తిన చిన్న చెక్కముక్క, దాన్ని బిగించడానికి గోరంత చీలిక. ఒక్కటి బిగించి, గోటితో కొట్టి, చెవి పెట్టి వినేవాడు. సాయంత్రమంతా పనిచేస్తే నాలుగు నిలబడేవి. “లోపలెవరు చూస్తారు బాపూ, పైన రంగు వేద్దాం, కింద ఆ ఎముకలు కనపడకుండా అట్ట కొడదాం, కర్ర చాలక వదిలేశామనుకుంటారు” అని నేను పోరేదాన్ని. ఆయన తల ఊపేవాడు కానీ మూయనిచ్చేవాడు కాదు.

ఒకనాడు చీలిక చెక్కుతూ, నా వైపు చూడకుండానే చెప్పాడు. “ముప్పై ఏండ్ల సంది దుంగలు నిలవెడుతున్న. బొగ్గు తీసుడు అయిపోయినంక ఆ దుంగలను మళ్ళ మేమే గుంజుతం. కప్పు కూలుతది. ఇగ ఆడికి మనిషి పోడు. నేను చేసిన పనంత గా బండల కిందనే ఉన్నది. బడి కట్టినోడు బడి సూపిస్తడు, బండి చేసినోడు బండి సూపిస్తడు. నేనేం సూపియ్యాలె? ఆడోళ్ళను బాయి దిగనియ్యరాయె. మీ అవ్వ నా పని ఒక్కనాడు సూడలె. ఇంకో ఎనిమిది నెలలైతె రిటైరు. గిప్పుడు కప్పు ఆపేటందుకు అన్ని ఇనుప బోల్టులే అచ్చినయి, కర్ర పనోనితోటి అవసరమే లేదు.” అంత పొడుగు మాట ఆయన నోట నేను అంతకు ముందు వినలేదు. విన్నాను కానీ, సరే అని తలూపి, ఫిరంగులకు నల్లరంగు వేసుకుంటూ కూర్చున్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో చెవులకు అంతకంటే పని ఉండదు కాబోలు.

పోటీ రేపనగా, బాపు మొదటి షిఫ్టుకు పోయిన పూట నేను సెలవు పెట్టి గోధుమరంగు చార్టు కాగితం తెచ్చాను. మైదా ఉడకేసి, ఓడ కింద సగాన్ని, ఆ ఎముకలనూ వాటి సందుల్లోంచి కనిపించే ఆ చిన్న దుంగలనూ, నున్నగా ముడత లేకుండా అతికించేశాను. చూడ్డానికి ఎంత బాగుందని! పైగా రాత్రి దాకా ఆగకుండా ఆరాలని విసనకర్రతో విసిరాను కూడా. బాపు డ్యూటీ దిగి వచ్చాడు. చేతి సంచి పక్కన పెట్టి ఓడ దగ్గర కూర్చున్నాడు. కాగితం మీద వేలి కణుపుతో ఒకసారి కొట్టాడు. డొల్లగా మోగింది. “మంచిగున్నది బిడ్డా” అని లేచి, స్నానం చేసి, అన్నం వద్దని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బాపు కోప్పడి ఉంటే నేనూ నాలుగు మాటలు అని ఉందును. ‘మంచిగున్నది’ అన్నాడు కాబట్టి, మైదా గిన్నె తోముతూ కూర్చున్నాను. అవ్వ నన్ను వంటింట్లోకి పిలిచి చిన్న గొంతుతో అంది: “ముప్పై ఏండ్ల సంది ఆయన చేసింది చేసినట్టే మూతవడుతాంది. ఇంట్ల ఒక్కటి తెరిసి పెట్టుకుంటె, గది గూడ మూస్తివా?” నేను, పుస్తకంలో కూడా వాళ్ళు కర్ర చాలకే వదిలేశారని ఏదో గొణిగాను. “గా బొమ్మ కింద సన్నంగ ఏదో రాసున్నది గదా. నాకైతె సదువు రాదు. నీకు అచ్చు గదా, సదువు” అంది.

చదివాను. నాలుగంటే నాలుగు వరసలు. ఓడ కింది భాగాన్ని కట్టినవాళ్ళు కావాలనే తెరిచి ఉంచారని, లోపలి కర్రలు ఎలా కూర్చారో చూపించడానికే అలా చేశారని, పనివాడి నేర్పు అక్కడే తెలుస్తుందని దాని భావం. ఊరందరికీ ఇంగ్లీషు దిద్దే నేను ఆ నాలుగు వరసలు ఇరవై రోజులుగా చదవలేదు. చదువు రాని అవ్వ అక్కడ ఏదో ఉందని చూసింది. నాకు ఏడుపొచ్చింది. తడిగుడ్డ తెచ్చి ఆ కాగితాన్ని కొంచెం కొంచెంగా నానబెట్టి లాగుతూ కూర్చున్నాను. కాసేపటికి అవ్వ ఇంకో తడిగుడ్డతో వచ్చి పక్కన కూర్చుంది. ఇంకాసేపటికి బాపు లేచొచ్చి, “గట్ల గుంజితె బద్ద ఇరుగుతది. ఇటు తే” అని చేతిలోంచి గుడ్డ తీసుకున్నాడు. “తప్పయింది బాపూ” అన్నాను. “ఏం గాదు తియ్యి. మైదా మంచిగ ఉడికినట్టున్నది, ఊడి వస్తలేదు” అన్నాడు. ఆ తర్వాత ముగ్గురం కలిసి అన్నం తిన్నాం.

పోటీ బాయి కాడి మైదానంలో. షామియానాలు, మైకు, పిల్లలకు ఐస్‌ఫ్రూట్లు. హాలర్ కాక భార్యతో సహా వచ్చి ఓడకు ఒక పక్క పట్టుకున్నాడు. మేం గేటు దాటి లోపలికి వెళ్ళి బల్లల వరసను చూశాం. చూసిన చోటే నిలబడిపోయాం.

అన్ని బల్లల మీదా బొగ్గు బాయిలే. అట్టముక్కల బాయిలు, థర్మోకోల్ బాయిలు, బల్బులు వెలిగే బాయిలు. టోపీలు పెట్టుకున్న మట్టి కార్మికులు వరసగా దిగుతున్నారు, ఒకడు గాలి చూస్తున్నాడు, ఒకడు దీపం పరీక్షిస్తున్నాడు. పైన పెద్ద గుడ్డ మీద రాసి ఉంది: “ఆదర్శ షిఫ్టు మోడల్ పోటీ. ప్రమాదం లేకుండా ఒక షిఫ్టు ఎలా నడవాలి?” ‘ఫ’ కూడా తప్పులేకుండా, నా ముఖం మీద కొట్టినట్టు రాశారు. వాటి మధ్య మా యుద్ధనౌక, ఇరవై ఎనిమిది ఫిరంగులతో, అవ్వ లంగాలు గాలికి ఉబ్బించుకుని వచ్చి నిలబడింది.

ముందు ఒక పిల్లాడు నవ్వాడు. తర్వాత మైదానమంతా నవ్వింది. మైకు పట్టుకున్నాయన, “షిఫ్టు చెయ్యమంటె షిప్పు తెచ్చిన్రు! మన బాయికి సముద్రం ఎటు దిక్కున్నదో ఎవలన్న చెప్పుర్రి!” అన్నాడు. హాలర్ కాక ఓడను వదిలేసి, తనకేం సంబంధం లేదన్నట్టు రెండడుగులు పక్కకు జరిగాడు. నాకు అక్కడే ఒక బాయి తవ్వుకుని దిగిపోవాలనిపించింది. బాపు ముఖం వైపు చూడలేకపోయాను. ఎనిమిది నెలల్లో రిటైరయ్యే మనిషిని, ముప్పై ఏళ్ళు తనతో పనిచేసిన వాళ్ళందరి ముందూ నవ్వులపాలు చేశాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిందికి చూస్తోంది.

బాయిలో రక్షణ సంగతి చూసే సేఫ్టీ సారు మా బల్ల దగ్గరికి వచ్చాడు. మంచాయన, నవ్వకుండా అడిగాడు: “ఏందమ్మా ఇది? రక్షణకూ దీనికీ ఏం సంబంధం?” నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. “సర్, యాక్చువల్లీ...” అన్నదాని తర్వాత ఒక్క మాట రాలేదు. తెలుగులో కూడా రాలేదు.

బాపు భుజం మీది తువ్వాలు తీసి బల్ల మీద పెట్టాడు. “సారూ, రెండు నిమిషాలు” అన్నాడు. ముందుకు పొడుచుకొచ్చిన కర్రను తీశాడు. తర్వాత స్తంభాలు. వాటిని మొదట్లో చీలికలతోనే బిగించాడు కాబట్టి, ఒక్కో చీలికను తట్టి, చెవి పెట్టి, ఇంకొంచెం తట్టి, చేయి దూరంగా పెట్టి సుతారంగా లాగాడు. చివరి స్తంభం నుంచి మొదలుపెట్టి వెనక్కి వచ్చాడు. బాయిలో దుంగలు గుంజే వరస అదేనట. నవ్వుతున్న వాళ్ళలో ముసలి కార్మికులు ముందు ఆగిపోయారు. చేతులు చూసి వాళ్ళకు తెలిసిపోయింది. తెరచాపలన్నీ అవ్వ చేతిలో పెట్టాడు. ఓడను రెండు చేతులతో ఎత్తి, బోర్లా తిప్పి, రెండు ఇటుకల మీద పెట్టాడు.

ఓడ లేదు. అడుగు దూలం పైకొచ్చింది. పక్కటెముకలు అడ్డకర్రలయ్యాయి. వాటి సందుల్లోంచి చూస్తే లోపల, బాపు ఇరవై రోజులు గోటితో కొట్టి విన్న దుంగలు, వరస తప్పకుండా, ఒక్కోటి నెత్తిన చెక్కముక్కతో నిలబడి ఉన్నాయి. తలకిందులైనా ఒక్కటీ కదల్లేదు. బాపు తన అరచేయిని దాని పైన పరిచి పెట్టాడు.

“గిది బండ అనుకోర్రి సారూ” అన్నాడు. “బాయిల గింత గుండ్రంగ ఉండది, నాకెరుకే. గని బరువు గిట్లనే అత్తది. గీ కర్ర మీది నుంచి దీనికి, దీని మీది నుంచి నేలకు. ఒక్కటి ఉట్టిగున్నా బరువు పక్కదాని మీద వడ్తది. గందుకే ఒక్కొక్కటి కొట్టి ఇనాలె.” అరచేత్తో నొక్కాడు. తర్వాత రెండు చేతులతో ఒళ్ళంతా మోపి నొక్కాడు. మంచం కోళ్ళూ వెదురు బద్దలూ చిన్నగా మూలిగాయి కానీ, దుంగలు అలాగే ఉన్నాయి. సేఫ్టీ సారు వంగి, ఎవరి దగ్గరో టోపీకి తగిలించుకునే క్యాప్ ల్యాంపు అడిగి తీసుకుని లోపలికి వెలుగు వేశాడు. చాలాసేపు చూసి, “అమ్మా, మీరు చూసిన్రా?” అని ల్యాంపును అవ్వ చేతికిచ్చాడు.

అవ్వ తెరచాపలు చంకలో పెట్టుకుని వంగింది. ఆమె సందులోంచి లోపలికి చూస్తూనే అడిగింది. “నువ్వేడ నిలవడుతవయ్యా?”

బాపు ఒక చీపురుపుల్ల లోపలికి పెట్టి, దుంగలు ఇంకా వేయని ఒక చివరను చూపించాడు. “గీడ. నేను పెట్టినంకనే మిగతోళ్ళు అస్తరు.”

“మరి నీ నెత్తి మీద ఏమున్నదయ్యా గప్పుడు?”

“ఏముంటది. ఏముండది.”

అవ్వ లేవలేదు. ల్యాంపును అటూ ఇటూ తిప్పి ఆ ఖాళీ జాగానే చూస్తూ ఉండిపోయింది. లేచేసరికి ఆమె కళ్ళ నిండా నీళ్ళు. “ముప్పై ఏండ్లు బువ్వ గట్టిన. గిసొంటి జాగలకని ఒక్కనాడు చెప్పలేదు” అంది. అంతమందిలో బాపు చేయి పట్టుకుంది. మా కాలనీలో మొగుడి చేయి అలా పట్టుకోవడం అంతకు ముందు ఎవరూ చూసి ఉండరు. బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎండ బాగా ఉందన్నాడు.

ఆ తర్వాత జరిగింది మేం అనుకోనిది. హాలర్ కాక భార్య ల్యాంపు తీసుకుని వంగింది. ఆమె వెనక ఇంకొకామె. ఆమె వెనక ఇంకొకామె. వెలిగే బల్బుల బాయిలను వదిలేసి కాలనీ ఆడవాళ్ళంతా మా బోర్లించిన ఓడ ముందు వరస కట్టారు. ఒక్కొక్కరు వంగి చూసి, పక్కనున్న మొగుణ్ణి “నువ్వేడ?” అని అడిగేవాళ్ళు. ఇళ్ళలో బాయి మాట ఎత్తని ఆ మగవాళ్ళు, ఒకరి తర్వాత ఒకరు, చీపురుపుల్లతో తమ తమ చోటు చూపించారు. హాలర్ కాక మాత్రం పుల్ల పట్టుకుని ఎటు పెట్టాలో తెలియక తిప్పలు పడ్డాడు. ఆయన బాయిలో కూడా హాలర్ మిషను అలాంటి చోటికి అర కిలోమీటరు వెనక ఉంటుంది. “నేను గీ బొమ్మల అవుపడనే” అని నసిగాడు. “మరి గిన్నేండ్ల సంది కప్పంత నువ్వే మోసినట్టు చెప్తివి గదయ్యా!” అని ఆయన భార్య అందరి ముందూ నిలదీసింది. ఆ రోజు మైదానం రెండోసారి నవ్వింది. మొదటి బహుమతి బల్బుల బాయికే వచ్చింది. మాకు ఏమీ రాలేదు. షిఫ్టులో ఓడకు బహుమతి ఏ లెక్కన ఇవ్వాలో తెలియలేదని సేఫ్టీ సారు తర్వాత బాపుతో అన్నాడట.

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. నేనిప్పుడు అదే ఊళ్ళో హెడ్‌మిస్ట్రెస్‌ని. అవ్వా బాపూ మాతోనే ఉంటారు. బాపుకు చెవులు బాగా మందగించాయి. ఓడకు మళ్ళీ స్తంభాలు పెట్టలేదు. హాల్లో అద్దాల అల్మారా మీద అది బోర్లానే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు తొట్టెనా, బుట్టనా అని అడుగుతారు. మొదట్లో చెప్పే పని నాదే అనుకునేదాన్ని. ఇరవై రెండేళ్ళ ఆ పిల్ల ఇంకా నాలో పూర్తిగా చావలేదు.

మొన్న నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకామె చూడ్డానికి వచ్చింది. మైనింగ్ ఇంజనీరు. ఇప్పుడు ఆడపిల్లలు కూడా దిగుతున్నారు కదా, రోజూ బాయి దిగుతుంది. అల్మారా వైపు చూసి, “మేడం, ఇది...” అని అడగబోయింది. నేను నోరు తెరిచేలోపే అవ్వ మోకాళ్ళు పట్టుకుని లేచింది. “నువ్వు ఆగు బిడ్డా, నీకు బాయి సంగతి తెల్వది” అని నన్ను పక్కకు జరిపి, ఆ ఇంజనీరు పిల్ల చేయి పట్టుకుని అల్మారా దగ్గరికి తీసుకుపోయి, సందులోంచి వేలు పెట్టి చూపించసాగింది. “గిటు సూడు బిడ్డా, బాయంటె గిట్లుంటది. భయపడకు. బరువంత దుంగల మీదికే అత్తది. గీడ ఏం లేదు సూడు, గీడ మా ఆయన నిలవడుతడు. ఆయన నిలవడ్డంకనే అందరు పోతరు.” ఆ పిల్ల పొద్దున్నే ఆ కప్పు కిందినుంచి వచ్చిన మనిషి. నా వైపు ఒకసారి చూసి నవ్వి, మెల్లగా వంగి, “గట్లనా అవ్వా, మళ్ళ చెప్పు” అంది.